అక్రోటు బల్ల కాళ్ళు

పళ్ళ డాక్టరుగారి పెరట్లో అక్రోటు చెట్టు గాలివానకు ఒరిగిపోయి నాలుగేళ్ళయింది. ఆయన దాన్ని కట్టెలకు ఇచ్చెయ్యలేదు. కోత మిల్లుకు పంపి నిలువునా పలకలు కోయించి, పలకకూ పలకకూ మధ్య బద్దలు పెట్టి, కారు షెడ్డులో ఆరబెట్టారు. కారేమో ఈ నాలుగేళ్ళూ వీధిలో ఎండకు ఎండి వానకు తడిసింది. ఆ పలకల్లో అన్నిటికన్నా వెడల్పయినది ఇప్పుడు వడ్రంగి షెడ్డులో రెండు దిమ్మల మీద బోర్లా పడుకుని ఉంది. ఏడడుగుల పొడవు. పక్క అంచులు తిన్నగా కొయ్యలేదు. చెట్టు ఎక్కడ వంపు తిరిగిందో అంచూ అక్కడే వంపు తిరిగింది, కొమ్మ వచ్చిన చోట ఉబ్బింది. బెరడు మాత్రం ఒలిచి, చేత్తో నిమిరితే ఏటి గులకరాయిలా తగిలేట్టు నునుపు చేశారు. నా చెట్టు నాకు చెట్టులాగే కనపడాలి, మేకు మాత్రం ఒక్కటి కూడా కనపడకూడదని డాక్టరుగారి షరతు. కనపడకపోవడం కాదు, అసలు ఉండదన్నాడు వడ్రంగి.

ఆ వడ్రంగిని వీధిలో అందరూ నూలుపోగు అంటారు. తలుపు బిగించినా, పీట చేసినా, చివర్లో ఒక కన్ను మూసి "నూలుపోగంత తేడా ఉంది" అని మళ్ళీ విప్పేస్తాడు కాబట్టి. రెండేళ్ళుగా ఆ కన్నే ఆయనకు సహకరించడం లేదు. దూరంగా వచ్చే బస్సు నంబరు చదువుతాడు గానీ, చేతిలో ఉన్న చెక్క మీది గీత కనపడదు. కొడుకును ఉలి పట్టమంటే లారీ స్టీరింగు పట్టాడు. ఇంట్లో మిగిలింది కోడలు. ఆమె అంతవరకూ షెడ్డులో గరుకు కాగితంతో రుద్దడం, నూనె పుయ్యడం చేసేది. ఒకరోజు ఆయన పనికిరాని చెక్క ముక్క ఒకటి ముందు పడేసి, దీంట్లో చదరపు బెజ్జం కొట్టమన్నాడు. ఆర్నెల్లు అలా ముక్కలమీద ముక్కలు కొట్టించాక ఈ అక్రోటు బల్ల కాళ్ళు ఆమె చేతిలో పెట్టాడు.

పెడుతూ ఒక మాట కూడా అన్నాడు. కోపంగా కాదు, రేపు వాన పడేట్టుంది అన్నంత మామూలుగా. ఈ బల్ల నిలబడితే పని నీది. నిలబడకపోతే సోమవారం నుంచి మిల్లు పక్క ఉండే పనివాడు వస్తాడు, వాడితో మాట్లాడి పెట్టాను. నీకు మళ్ళీ గరుకు కాగితమే.

ఆ మాట కోడలి గుండెల్లో చీపురు పుల్లలా గుచ్చుకుని కూర్చుంది. ఆమెకు అసలే ప్రతిదానికీ భయం. ఏడాదిన్నర కూతురు పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. లేస్తే ఎందుకు లేచిందా అని చూస్తుంది. "పిల్ల తుమ్మితే తల్లికి జలుబు చేస్తుంది మా ఇంట్లో" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. కానీ ఉలి పట్టిన కాసేపు ఆ భయం కొంచెం పక్కకు జరిగి కూర్చునేది. అదొక్కటే చోటు ఆమెకు. అది పోతుందేమోనన్నది ఇప్పుడు కొత్త భయం.

పని మొత్తం ఎనిమిది జాయింట్లు. రెండు కాళ్ళ పైకొసల్లో చెక్కిన నాలుకలు ఒక పై పట్టీ బెజ్జాల్లోకి దిగుతాయి. ఆ రెండు కాళ్ళనూ కింద ఒక అడ్డపట్టీ కలుపుతుంది, దాని రెండు కొసల నాలుకలూ కాళ్ళ బెజ్జాల్లోకి దూరతాయి. ఇలాంటి చట్రాలు రెండు. పలక అడుగున తొలిచిన గాడుల్లోకి ఆ పై పట్టీలు పక్కనుంచి జారి బిగుసుకుంటాయి. అక్కడ జిగురు ఉండదు, చెక్క వానాకాలం ఉబ్బడానికీ ఎండాకాలం ముడుచుకోవడానికీ చోటుండాలి. చేత్తో కోసిన పని కాబట్టి ఏ నాలుకా ఇంకో నాలుకలా ఉండదు. ఏ బెజ్జానికి చెక్కిన నాలుక ఆ బెజ్జానిదే. అందుకే జత కుదిరిన వెంటనే రెండింటి మీదా ఉలి మూలతో గాట్లు పెట్టాలి. ఒకటో జతకు ఒక గాటు, రెండో జతకు రెండు. నూలుపోగు యాభై ఏళ్ళ అలవాటు అది.

కోడలికి ఆ గాట్లు పెట్టడానికి చెయ్యి రాలేదు. అంత నున్నటి చెక్క, కాఫీ రంగులో నీడలు తిరిగే చెక్క, దాని ఒంటిమీద ఊరికే గాయం చెయ్యడమేమిటనిపించింది. పెన్సిలుతో అంకెలు వేసింది. గుర్తులు పెట్టావా అని మామగారు ప్రతిసారీ అడిగాడు. పెట్టాను మావయ్యా అంది. పెట్టిందిగా మరి.

గురువారం మధ్యాహ్నం ఆయన, రేపు డాక్టరు వచ్చి బల్ల కిందకి కూడా దూరి చూస్తాడు, ఎక్కడా ఒక్క గీత మిగలకూడదని చెప్పి బజారుకు వెళ్ళాడు. పిల్ల నిద్రపోయింది. కోడలు సన్నటి గరుకు కాగితం తీసుకుని కాళ్ళూ పట్టీలూ మూల మూలా రుద్దింది, తడిగుడ్డతో తుడిచింది, పలచగా నూనె పట్టించింది. సాయంత్రానికి నాలుగు కాళ్ళూ కవలపిల్లల్లా మెరుస్తూ గోడకు ఆనుకుని ఉన్నాయి. చాలా రోజుల తర్వాత తనమీద తనకే ముచ్చటేసింది.

శుక్రవారం పొద్దున్నే మామగారు జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టి, చెక్క సుత్తి తీసుకుని, చెయ్యి చాపాడు. ఒకటో కాలు ఇమ్మన్నాడు.

కోడలు ఒక కాలు అందుకుని అంకె కోసం తిప్పింది. లేదు. ఇంకోటి తిప్పింది. లేదు. పట్టీలు చూసింది. అద్దంలా ఉన్నాయి. నిన్న తన చేత్తోనే, పిల్ల మూతి తుడిచినంత శ్రద్ధగా, అన్ని అంకెలూ తుడిచేసింది. 

మామగారి చెయ్యి ఇంకా చాచే ఉంది. ఏదో ఒకటి ఇచ్చేస్తే ఆయనకు కనపడదు. బిగువుగా ఉంటే సుత్తితో దింపుతాడు, వదులుగా ఉంటే జిగురు నిండుతుంది. ఏ వచ్చే ఏడాదో ఊగితే అప్పటి సంగతి. ఈ ఆలోచన వచ్చినందుకే ఆమెకు చెమట పట్టింది. చేతిలోని కాలును మెల్లగా కింద పెట్టింది.

"మావయ్యా, నేను గాట్లు పెట్టలేదు. పెన్సిలుతో రాశాను. నిన్న తుడిచేశాను."

ఆయన వంగి పొయ్యి ఆర్పాడు. గుమ్మంలో మనవరాలిని చంకనేసుకుని నిలబడ్డ అత్తగారు, ఈ ఇంట్లో శుభ్రం ఎక్కువైతే వచ్చే తంటాలివి, అందుకే నేను అటకమీద దుమ్ము జోలికి పోను అంది. ఎవరూ నవ్వలేదు. ఒక్కో దాంట్లో పెట్టి చూద్దామా అని కోడలు గొణిగింది. వద్దన్నాడు ఆయన. పెట్టి తీసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. కానిదాంట్లో దింపితే చిట్లుతుంది. నాలుగుసార్లు తిప్పామంటే డాక్టరు కట్టే పళ్ళలా కదులుతాయి. మనకిచ్చిన చెక్క ఇంతే, ఆయన చెట్టు ఇంకోసారి పడదు.

తర్వాత దుప్పటి ఒకటి పరిపించి, కాళ్ళు ఒక వరుస, పట్టీలు ఒక వరుస పేర్పించాడు. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని ఒక కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళు కిటికీకేసి పెట్టి, బొటనవేలితో నాలుకను తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"ఎడమ పక్క మొదలు బాగానే వచ్చింది. మధ్యలో చెయ్యి ఉలిక్కిపడింది. ఏమైంది ఇక్కడ?"

కోడలు వంగి చూసింది. నాలుక చెంప మీద గోటితో నొక్కినట్టు చిన్న పల్లం. అంతలో గుర్తొచ్చింది. ఆ రోజు పిల్ల వెనకాల చప్పుడు లేకుండా అయిపోయింది. చప్పుడు లేదంటే ఏదో మింగేసిందనే. ఉలి జారింది, పరిగెత్తింది. చిత్రిక పొట్టు నోటినిండా కుక్కుకుని కూర్చుని ఉంది పిల్ల. కక్కించి, కడిగి, మళ్ళీ వచ్చి పల్లం పడ్డ చోటుకు సరిపోయేలా బెజ్జం గోడను ఆ వైపు కొంచెం ఉబ్బుగా వదిలేసింది. అదంతా చెప్పింది. ఉబ్బు గోడ ఎక్కడో వెతకమన్నాడు ఆయన. నాలుగు బెజ్జాల్లో వేలు పెట్టి చూస్తే మూడోదాంట్లో తగిలింది. ఇద్దరూ కలిసి దింపారు. సగం దూరం వేళ్ళతోనే దిగింది, అక్కణ్ణుంచి సుత్తి కావాల్సి వచ్చింది. లోపల గాలి మూలిగినట్టు చిన్న శబ్దం వచ్చింది. మామగారు తల ఊపాడు. గాటు పెట్టమన్నాడు. పెట్టింది.

ఆ తర్వాత ఆయన అడగడం, ఆమె చెప్పడం, ఆ రోజు కొట్టిన బెజ్జాన్ని ఇద్దరూ వెతకడం. ఒక నాలుక మీద ఉలి దెబ్బలన్నీ చేప పొలుసుల్లా చిన్న చిన్నవి. అది పిల్లకు జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు, గట్టిగా కొడితే లేస్తుందేమోనని మెల్లగా గీకి గీకి చెక్కిన రోజు. అలాంటి పొలుసులే ఒక బెజ్జం లోపల కూడా దొరికాయి. ఒకదాని మూల విరిగి ఉంది. టీకా వేయించిన రోజది, ఇంటికి రాగానే తొందరలో కోసింది. అడ్డపట్టీ కొస ఒకటి కాస్త వాలుగా ఉంది. మీ అబ్బాయి రెండు రోజులు ఫోను ఎత్తలేదు మావయ్యా, తర్వాత చూస్తే చార్జరు ఇంట్లోనే మర్చిపోయారట. వాడి తలకాయ కూడా మర్చిపోయేవాడే, మెడకి జాయింటు చేశాం కాబట్టి సరిపోయింది అన్నాడు ఆయన. ఇంకో కొస మీద మెట్టు మీంచి పిల్ల బోర్లా పడ్డ రోజు ఉంది. నుదుటిమీద బొప్పి ఏ పక్కన కట్టిందో కూడా ఆమెకు గుర్తుంది.

ఆరోదాని దగ్గర మామగారి బొటనవేలు ఆగిపోయింది. గీత దాటి ఉలి లోపలికి దిగిన గాడి, పొడుగ్గా, తిన్నగా. ఇది తడబాటు కాదు, ఇక్కడ కావాలని బలంగా నొక్కావు అన్నాడు.

కోడలు దుప్పటి అంచు సర్దింది.

"పక్కింటావిడ వచ్చింది ఆ రోజు. ఏడాదిన్నరొచ్చింది, మీ పిల్ల ఇంకా ఒక్క మాటా అనదేం, చూపించుకున్నారా అంది. అత్తయ్యకి చెప్పలేదు. మీ అబ్బాయికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమో అని."

 గుమ్మంలో అత్తగారు మనవరాలిని ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది. పిల్ల మాత్రం ఆవిడ చెవి దుద్దుతో ఆడుకుంటోంది.

"పిలిస్తే తిరిగి చూస్తుందా?" అన్నాడు మామగారు.

"చూస్తుంది."

"ఉలి తెమ్మంటే ఉలే తెచ్చింది మొన్న, రంపం తేలేదు. నీ మొగుడు మూడేళ్ళదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు ఆపమంటే ఆపడు. అయినా చూపించుకుందాం, తప్పేముంది. సోమవారం నేనూ వస్తాను."

అత్తగారు అక్కణ్ణుంచే, నేను లేకుండా మీరిద్దరూ వెళ్ళి ఏం చెబుతారు ఆస్పత్రిలో, నేనే వస్తాను అంది. కోడలు ఊఁ అంది.  ఆ రోజే తొలిచిన, అలాగే లోతుగా గాడి పడ్డ బెజ్జాన్ని వేలితో వెతుక్కుని, ఆ కొసను దాంట్లో పెట్టింది. సరిగ్గా దిగింది.

మిగిలినవి రెండు నాలుకలు, రెండు బెజ్జాలు. మామగారు ఒకటి తడిమి, రెండోది తడిమి, మళ్ళీ మొదటిది తీసుకున్నాడు. ఆమెకిచ్చాడు. ఆమె వెలుతురుకు పట్టి చూసింది. చెంపలు బల్లపరుపుగా ఉన్నాయి, మూలలు మూలల్లా ఉన్నాయి. ఎంత ఆలోచించినా ఆ రోజు ఏం జరిగిందో గుర్తు రాలేదు. పిల్ల బాగా తిని, బాగా పడుకుని ఉంటుంది. అలాంటి రోజులు గుర్తుండవు కదా.

తెలియడం లేదు మావయ్యా అంది. అయితే ఏదో ఒకటి పెట్టు అన్నాడు ఆయన. నూలుపోగు నోటంట ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అత్తగారైతే లోపలికి రెండడుగులు వేసి మరీ ఆయన మొహం చూసింది. కోడలు చేతికందిన కాలును చేతికందిన బెజ్జంలో దింపింది. సుత్తి మూడు దెబ్బలు. తీసి, రెండోదాంట్లో పెట్టింది. అవే మూడు దెబ్బలు. ఎటు పెట్టినా అదే బిగువు. మామగారు జాయింటు చుట్టూ గోరు పెట్టి గీశాడు. గోరు ఎక్కడా పట్టలేదు. లేచి, పొయ్యి మళ్ళీ వెలిగించి, జిగురు గిన్నె పెట్టాడు.

డాక్టరుగారు నాలుగింటికి వచ్చేసరికి బల్ల తన కాళ్ళమీద తాను నిలబడి ఉంది. ఆయన ముందు అంచును, ఉబ్బును, మళ్ళీ అంచును నిమిరారు. కోటు విప్పి అత్తగారి చేతికిచ్చి, నేలమీద వెల్లకిలా పడుకుని బల్ల కిందకి దూరారు. కాసేపటికి అక్కడినుంచి ఆయన గొంతు, ఈ గాట్లేమిటి, పొరపాటున పడ్డాయా అని అడిగింది.  అవి ఉండాలండీ, ఏది ఎక్కడిదో తెలియడానికి అన్నాడు మామగారు.

డాక్టరుగారు పొట్టు దులుపుకుంటూ లేచి, తన షెడ్డులో ఇంకో పలక ఉందనీ, దీనికి తోడుగా పొడుగు బెంచీ ఒకటి చెయ్యాలనీ, ఎన్నాళ్ళు పడుతుందనీ అడిగారు. అలవాటు కొద్దీ మామగారినే అడిగారు. మామగారు సుత్తిని గోడకు తగిలిస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అమ్మాయిని అడగండి. చేసేది తను."

కోడలు ఒక్క క్షణం అత్తగారి వంక, ఆవిడ భుజం మీద కునికిపాట్లు పడుతున్న పిల్ల వంక చూసింది. వేళ్ళమీద ఏదో లెక్కవేసుకుంది. సోమవారం ఆస్పత్రి. బుధవారం పిల్ల నాన్న లారీ దిగి వస్తారు, ఉతకాల్సిన బట్టలుంటాయి.

"పది రోజులండీ. పిల్లకి ఏమీ కాకపోతే."

"పన్నెండు రాసుకోండి డాక్టరుగారూ," అన్నాడు మామగారు. "పిల్లకి ఏమీ కాదు. కానీ ఏదైనా అవుతుందేమోనని ఈ అమ్మాయి రెండు రోజులు చూసుకోవాలి కదా."