దాన్ని ఊరికి పంపించేద్దాం

అద్దెకి తీసుకున్న జీప్ కొండ ఎక్కుతోంది. చర్చి స్నేహితుడు దైవాశీర్వాదం అంకుల్ రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతూ మురిసిపోతున్నాడు.

"చూసేవా షాలేమూ, అమెరికాలో ఉండి పాలకొల్లు రోడ్డు మీద నడుపుతున్నట్టుంది."

"అలవాటైపోయి రేపు ఇంటికెళ్ళాక పార్సిప్పనీలో కూడా ఇలాగే డ్రైవ్ చేసేరు అన్నయ్యగారూ," అంది లూసీ.

ముగ్గురూ నవ్వారు. వెనక సీట్లో తల్లి లూసీ పక్కన కూర్చున్న ఫెబీ నవ్వలేదు. పదిహేనేళ్ళ ఆ పిల్లకి ఆ ఎడమ పక్కే మొదటి అనుమానం. ఎనిమిది నెలలుగా చూస్తోంది, అమెరికాలో బళ్ళన్నీ కుడిపక్కనే పోతాయి. ఇక్కడ అలా పోవడం లేదంటే ఇది అమెరికా కాదేమో. సెయింట్ థామస్ దీవి అమెరికాదేనని నాన్న షాలేం రాజు బయల్దేరే ముందే చెప్పాడు. కానీ ఈ ఉక్కపోత, కొబ్బరిచెట్లు, గోడల మీంచి వేలాడే కాగితంపూలు ఆ మాటని నమ్మనివ్వడం లేదు.

రెండో అనుమానం నాన్న ఒళ్ళో ఉన్న నల్లసంచి. అందులో అందరి పాస్‌పోర్టులూ ఉన్నాయి. పొద్దున్న హోటల్ గదిలో ఎవరూ చూడకుండా జిప్ తీసి చూసింది. క్రిస్మస్ సెలవుల్లో వాషింగ్టన్ వెళ్ళినప్పుడు పాస్‌పోర్టులు ఇంట్లోనే ఉన్నాయి. మరి ఈ స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి ఎందుకు?

మూడోది అనుమానం కూడా కాదు, చెవులారా విన్న మాట. పోయిన నెల నాన్న గిన్నెలు కడుగుతూ ఈ అంకుల్‌తోనే ఫోన్లో మాట్లాడాడు. "ఇక్కడి చలి దానికి పడలేదండీ. వచ్చినప్పుడు బానే ఉంది. ఇప్పుడు అసలు గొంతే లేవట్లేదు. ఊరికి పంపించేద్దాం. అక్కడైతే చూసేవాళ్ళున్నారు." ఫెబీ ఆ మాటల్ని పొల్లుపోకుండా డైరీలో రాసుకుంది. ఎన్నిసార్లు చదివినా ఇంకో అర్థం దొరకలేదు.

అమ్మానాన్నలు అమెరికాలో, తను నరసాపురం దగ్గర మిషన్ హాస్టల్లో, అలా నాలుగేళ్ళు గడిచాయి. ఇప్పుడు రోజూ అమ్మ పక్కన కూర్చుని అన్నం తింటోంది. స్కూల్లో ఇంగ్లీషుకి జడిసి నోరు విప్పని మాట నిజమే. అంతమాత్రాన మళ్ళీ ఆ హాస్టల్ మంచం మీదికి వెళ్ళే ఉద్దేశం మాత్రం ఆమెకి లేదు.

జీప్ ఆగింది. అక్కడినుంచి మెట్లు. పైన ఎప్పుడో డెన్మార్క్ వాళ్ళు కట్టిన రాతికోట, తుప్పు పట్టిన ఫిరంగులు. ఒక ఫిరంగి మీద ఉడుములాంటి జంతువొకటి ఎండ కాగుతోంది. షాలేం రాజు బోర్డు చదివి తెలుగులో చెప్పాడు. శత్రువుల ఓడలు ఎటునుంచి వచ్చినా ముందే కనిపెట్టడానికి ఇంత ఎత్తున కట్టారట. ముందే కనిపెట్టడంలో తప్పేమీ లేదనిపించింది ఫెబీకి.

"మీ అమ్మకి ఫొటో తీస్తాను, ఈ సంచి పట్టుకో తల్లీ," అన్నాడు నాన్న.

అతను అటు తిరగ్గానే ఫెబీ సంచిలోంచి తన పాస్‌పోర్ట్ తీసింది. సంచిని మెట్టు మీద పెట్టి కోటగోడ చివరికి నడిచింది. గోడ కింద నిట్టనిలువు లోయ, లోయ నిండా ముళ్ళపొదలు. పాస్‌పోర్ట్ లేని పిల్లని ఎవరూ విమానం ఎక్కించలేరు. చెయ్యి గోడ అవతలికి చాచింది.

ఫొటోలు ముగించుకున్న నాన్నతో వెనకనుంచి అంకుల్ అంటున్నాడు.

"అదిగో, హార్బర్‌లో ఆ ఓడ చూడు. దాన్ని విమానంలో వేస్తే విసిరిపారేస్తారు షాలేమూ. ఓడలోనే వేసేద్దాం. పాత దుప్పట్లు చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టేద్దాం."

"ఆరు వారాలు పడుతుందేమోనండీ."

"పడనీ. దానికేమన్నా తిండి పెట్టాలా, నీళ్ళు పట్టాలా?"

ఫెబీ చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"ఎవర్ని నాన్నా?"

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. ఫొటోలు తీసుకుంటున్న తెల్లజంట ఒకటి ఇటు చూసింది.

"ఎవర్నేంటి? మన చర్చి సంఘం హార్మోనియాన్ని," అన్నాడు షాలేం రాజు. "చలికాలం హీటర్ గాలికి చెక్క బీటలిచ్చి గొంతు పోయింది కదా. పాలకొల్లులో బాగుచేసేవాళ్ళున్నారు."

ఇంట్లో హార్మోనియమూ 'అది'. తనూ 'అది'.

"చేతిలో ఏంటే అది?" అన్నాడు అంకుల్. చూశాక ఆయన నవ్వు సగంలో ఆగింది. "అమ్మా తల్లీ, అది కింద పడితే అందరం ఈ దీవిలోనే కొబ్బరిబొండాలు అమ్ముకోవాలి."

షాలేం రాజు నెమ్మదిగా వచ్చి పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. అమెరికాదే అయినా ఈ దీవినుంచి తిరిగి వెళ్ళేటప్పుడు వీసా మీద ఉన్నవాళ్ళు ఎయిర్‌పోర్ట్‌లో ఇవి చూపించాలని చెప్పాడు. ఫెబీ తలూపింది గానీ చూపు తల్లి మీదే ఉంది.

"నువ్వేం మాట్లాడవేం అమ్మా?"

లూసీ కూతురి వైపు తిరిగింది. "నీ గురించి కూడా అనుకున్నాం ఫెబీ. జనవరిలో. క్లాసులో ఎవరితోనూ మాట్లాడట్లేదని స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. బెంగ పెట్టుకున్నావేమో, హాస్టల్లోనే బాగుండేదేమో అనిపించింది."

"ఇప్పుడవన్నీ ఎందుకు లూసీ?"

"అడుగుతోంది కదండీ."

అంకుల్ గొంతు సవరించుకుని, అవతలి ఫిరంగి ఎంత పొడవుందో చూసొస్తానని వెళ్ళిపోయాడు.

"బెంగ ఉన్నది అక్కడ," అంది ఫెబీ. "ఇక్కడ భయం. అంతే."

"మరి చెప్పవేం?"

"మీరు అడగలేదు. మీలో మీరే మాట్లాడుకున్నారు." "స్కూల్లో మాట్లాడ్డానికి నాకింకా టైమ్ కావాలి. అందాకా పంపకండి."

"తర్వాత మాత్రం ఎందుకు పంపుతాం?" అన్నాడు షాలేం రాజు.

"అమ్మని చెప్పమనండి."

లూసీ దగ్గరికొచ్చి కూతురి చెంప మీది చెమట పైటతో తుడిచింది. "పంపను. నువ్వే వెళ్తానన్నా సరే, ముందు నాతో పోట్లాడి వెళ్ళాలి."

ఫెబీ వెళ్ళి మెట్టు మీద పెట్టిన నల్లసంచి తెచ్చి, పాస్‌పోర్ట్ లోపల పెట్టమని నాన్న ముందు జిప్ తీసి పట్టుకుంది.