రెండో ఊపిరి

ఎండాకాలం వస్తే ఎల్బీనగర్‌లోని ఆ ఇంటికి ఇరుగుపొరుగు వారు పొద్దున్నే పాల ప్యాకెట్లతో వచ్చేవారు. పాలు విరగకుండా వెనక గదిలో ఒక మూల వాటిని పెట్టి, అక్కడ కూర్చున్న రాములమ్మను కుశలమడిగి, చేతులు రుద్దుకుంటూ వెళ్లిపోయేవారు. ఆమె పెద్ద కూతురు జ్యోతిక ఆ గదిలోనే జ్వరంతో కన్నుమూసింది. ఆనాడు దిగిన చలి మరి వీడలేదు.

ఆ చలిలో రాములమ్మ ఊపిరి పొగలా కనిపించేది. పక్కనే, జ్యోతిక కూర్చుని అర్జీలు టైపు చేసిన కుర్చీ దగ్గర, మరో ఊపిరి సన్నగా లేచి కరిగేది. తల్లి దాన్నే చూస్తూ ఉండేది. కాలివేళ్లు మొద్దుబారి నల్లబడుతున్నా కదిలేది కాదు. ఇంకొంతకాలం ఇలాగే సాగితే పాదాలు తీసేయవలసి వస్తుందని దవాఖానలో చెప్పారు. చిన్న కూతురు సింధు హీటరు తెస్తే ఆమె గడప దాటనివ్వలేదు. కానీ చలికి జ్యోతిక కంప్యూటరు పాడైనప్పుడు మాత్రం, బిడ్డ బల్ల బోసిగా ఉండొద్దని, ఇంకొకటి తెమ్మని తానే పోరింది.

సింధు దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టాభి దుకాణానికి వెళ్లింది. చెడిపోయినదాన్ని ఇంటికొచ్చి విప్పి, మంచు తుడిచి చూసినవాడు అతడే. ఏ పనికని అడిగాడు. టైపింగుకు, కరెంటు బిల్లు కట్టడానికి, అమ్మ కీర్తనలు వినడానికి అని చెప్పింది. అతడు గాజుబల్ల మీద కంప్యూటరును నడిపే ప్రాసెసర్లు రెండు పెట్టాడు.

"ఈ కొత్తది తీసుకో తల్లీ. చిన్నదే అయినా మీ పనికి సరిపోతుంది, కరెంటూ పెద్దగా తాగదు. మీ గదిలో అయితే దీనికి ఫ్యాను పనే ఉండదు."

"మరి రెండోది?"

"పాతది. పని బాగానే చేస్తుంది గానీ పొయ్యిలా కాగుతుంది. ఎవరూ అడగరు."

"నాకు గా కాగేదే కావాలె అన్నా."

పట్టాభి పాతదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఇంటికి వచ్చిన రోజు ఖాళీ కుర్చీకి నమస్కరించి పని మొదలుపెట్టిన మనిషి అతడు.

"గది వెచ్చబడితే మీ అక్క ఊపిరి కనబడదు. ఆలోచించుకున్నావా?"

"అక్క ఉంటే, ఇన్నొద్దులు ఎందుకు ఆగినవని నన్నే తిడుతుండె."

అతడు ఆ పాత ప్రాసెసరునే కంప్యూటరులో బిగించాడు. ఫ్యాను వద్దని ఆమె అంటే, కాలిపోతుందని చిన్నదొకటి పెట్టి ఇచ్చాడు.

బల్ల మీద పెట్టిన కంప్యూటరును సింధు ఆపనే లేదు. గోడల నుంచి నీళ్లు ధారకట్టాయి. కుర్చీ దగ్గరి ఊపిరి రోజురోజుకూ పలచబడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అది కనిపించలేదు. తల్లి ఊపిరీ కనిపించలేదు. ఏమంటుందోనని సింధు తలుపు పట్టుకుని నిలబడింది.

రాములమ్మ కుర్చీ వంక చాలాసేపు చూసింది.

"దానికి ఇగ చలి పెడ్తలేదు కావొచ్చు బిడ్డా."

సింధు నిజం చెప్పలేదు. నేల మీద కూర్చుని తల్లి పాదాలను ఒడిలోకి తీసుకుంది. అవి వెచ్చగా ఉన్నాయి. వాటిని పట్టుకుని, అక్క పోయాక మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.