పది గుంటలు, ఒక వేలిముద్ర

నేను ఒక ఖాళీ గోలీల షీటును. మందుల ఫ్యాక్టరీలో యంత్రం నా ఒంట్లో పది గుంటలు నొక్కి, పది తెల్ల గోలీలు పోసి, వెనక వెండి కాగితం అతికించింది. దాని మీద కంపెనీ పెట్టిన పేరు లావుగా ఉంటుంది, అసలు మందు పేరు చీమ తలకాయంత. మనుషులు లావు అక్షరాలనే నమ్ముతారు.

జనగామలో నన్ను వాడిన మనిషి అండాలు, అంగన్‌వాడీ టీచరు. ఆమె నోట పాట ఆగిపోయి ఏడాదిన్నర దాటింది. ఏడుపు కూడా రాలేదు. వచ్చి ఉంటే ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేది. కూర మాడినా ఒకటే, పిల్లలు కేరినా ఒకటే. డాక్టరు మనసుకు మందు రాశాడు. మా కంపెనీ గోలీలు మూడు నెలలు వాడాక, ఒక పొద్దున అన్నం వారుస్తూ సగం పాట పాడింది. మిగతా సగం కోసం ఆమె భర్త ఉప్పలయ్య కాచుకుని కూర్చున్నాడు. ఆయనది పంక్చర్ షాపు.

డాక్టరు చీటీ ఎవరు దాచుకుంటారు? ఖాళీ షీటే చీటీ. ఉప్పలయ్య నన్ను అంగీ జేబులో పెట్టుకుని మెడికల్ షాపుకు పోయాడు.

"ఈ కంపెనీది వస్తలేదన్నా. గిది గూడ గదే మందు," అని షాపతను పచ్చ అక్షరాల షీటు ఇచ్చాడు.

అండాలు వారం వేసుకుంది. పాట మళ్లీ పోయింది.

"ఇది నాకు పడ్తలేదు. పాతదే తీసుకరా."

డాక్టరు రెండు షీట్ల మీది చిన్న అక్షరాలు చూపించాడు. "మందు ఒక్కటే. మార్చినప్పుడు కొందరికి తేడా అనిపిస్తది. మానెయ్యొద్దు, నెల రోజులు చూద్దాం." అండాలు తల ఊపింది. ఇంటికొచ్చి మానేసింది.

ఉప్పలయ్య హన్మకొండ దాకా తిరిగాడు. నా పేరున్న షీటు ఎక్కడా లేదు. చివరికి తన పంక్చర్ షాపులో కూర్చుని, పచ్చ షీటులోని గోలీలు ఒక్కొక్కటే నా గుంటల్లో పెట్టి, వెనక టేపు అతికించాడు. ట్యూబుకు ప్యాచీ వేసేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూపించడు. నాకు సిగ్గేసింది. పైన నా పేరు, లోపల పరాయి సరుకు.

"దొరికింది," అన్నాడు ఇంట్లో, గోడ గడియారం వైపు చూస్తూ.

ఆమె మింగింది. అలా నన్ను మూడుసార్లు నింపాడు.

మూడోసారి ఖాళీ అయ్యాక అండాలు నన్ను ఆయన చేతిలో పెట్టింది. "ఇగ దీన్ని అతికియ్యకు. ఆ పచ్చదే తే."

ఉప్పలయ్య మొహం పాలిపోయింది. "ఎప్పుడు ఎరుకైంది?"

"మొదటి దినమే. టేపు మీద నీ బొటనేలు ముద్ర నల్లగ ఉండె."

"మరెందుకు మింగినవ్?"

"గోలీ మీద నమ్మకంతోని కాదు. పది గుంటలు కూసోని మూసినవ్ గదా." అంటుండగానే ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి.

ఇప్పుడు నేను పంక్చర్ షాపులో ప్యాచీల డబ్బా అడుగున ఉన్నాను. నాతో ఎవరికీ పని లేదు. ఇంట్లోకి ఇంకో కంపెనీ షీటు వచ్చిందట. అండాలు తిరగేసి, చిన్న అక్షరాలు చదివి వేసుకుంటోందట.

నిన్న మధ్యాహ్నం ఆమె సద్ది తెచ్చింది. ఆయన తింటుంటే పక్కన కూర్చుని ఏదో కూనిరాగం తీసింది. అది మిగతా సగమో, పాత సగమేనో నాకు తెలియలేదు. ఉప్పలయ్య నమలడం ఆపేశాడు.