నూటికి నూటనాలుగు

మద్రాసులో పన్నెండేళ్లు ఉద్యోగం చేసి ఆత్మకూరుకు తిరిగొచ్చిన మల్లికార్జునం ఊళ్లో చూపించుకోదగింది ఏమీ తేలేదు. ట్రంకుపెట్టెలో నాలుగు జతల బట్టలు, వాటి కింద చిల్లులు పడిన అట్టకార్డుల కట్టలు. అంతే. బస్టాండు ఎదురుగా అతని అన్న కోదండరామయ్యకు మిరపకాయలు, వేరుశెనక్కాయల హోల్‌సేల్ అంగడి ఉంది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చుంటే తనకు కాస్త ఊపిరాడుతుందని ఆయన ఆశ. తమ్ముడు వచ్చాడు, అంగట్లో కూర్చోలేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని ఊరిని చూస్తూ కూర్చున్నాడు. చూసిన కొద్దీ అతనికి ఊరి మీద రోత పెరిగింది.

మద్రాసులో ఒక పెద్ద కంపెనీలో లెక్కల మిషన్ల దగ్గర పని అతనిది. గుమాస్తాలు కార్డులకు చిల్లులు పొడిచి ఇచ్చేవారు. ఆ చిల్లులను బట్టి మిషన్ వేల కార్డులను ఏరి, కూడి, కాగితం మీద అచ్చు కొట్టి ఇచ్చేది. కానీ ఏ చిల్లును చూడాలో, దేన్ని దేనితో కూడాలో మిషన్‌కు తనంతట తెలియదు. ఒక పెద్ద పలక మీద వందల బెజ్జాల్లో వైర్లు గుచ్చి దానికి చెప్పాలి. ఆ చెప్పేవాడు మల్లికార్జునం. అతను గుచ్చిన పలకలో తప్పుందని పన్నెండేళ్లలో ఒక్కరూ అనలేదు. చివరికి ఒకరోజు మేనేజరు పిలిచి, ఒక జిల్లా కార్డులు కూడికలోకి రాకుండా వైర్లు మార్చమన్నాడు. పైవాళ్లకు మొత్తం అందంగా కనిపించాలట.

"మిషన్ అబద్ధం చెప్పదు సార్. మీకు అబద్ధమే కావాలంటే పెన్సిలు చాలు," అని మల్లికార్జునం ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాడు.

ఈ కథ అతను ఆత్మకూరులో అందరికీ చెప్పాడు. విన్నవాళ్లు "అయ్యో, మంచి ఉద్యోగం పోగొట్టుకున్నావే" అన్నారు. ఒక్కడైనా "బాగా చెప్పినావు" అనలేదు. ఆ రోజు నుంచి అతను ఊరితో మాట్లాడటం తగ్గించి, రాయడం మొదలుపెట్టాడు. మద్రాసులో పారేయబోతుంటే తెచ్చుకున్న పాత కార్డుల వెనక రోజుకొక అభిప్రాయం రాసి, అంగడి స్తంభానికి మేకు కొట్టి తగిలించేవాడు. బస్సు కోసం కాచుకునే జనం చదివేవాళ్లు.

"గాడిద అలిగితే ఎందుకో ఎవడికీ తెలియదు. మిషన్ ఆగితే వైరు వదులైందని తెలుస్తుంది. అయినా ఈ ఊరు గాడిదనే నమ్ముతుంది," అని ఒకరోజు. "మిషన్ తప్పు చేయదు. చెప్పినవాడు తప్పు చెప్పి ఉంటాడు," అని ఇంకోరోజు. "మిరపకాయల ధర పెరుగుతుందని ఎవడైనా చెప్తే, వాడి కొట్టులో మిరపకాయలున్నాయని తెలుసుకో," అని రాసిన రోజు కోదండరామయ్య స్తంభం దగ్గరికొచ్చి కార్డు మీద వేలు పెట్టాడు.

"ఏందిరా ఇది? నా అంగడికే తగిలించినావే!"

"పేరు రాయలేదు గదన్నా. నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?"

"నీకు అన్నం పెట్టేది ఆ మిరపకాయలేరా," అని గొణుక్కుంటూ అన్న లోపలికి పోయాడు. లోపలి నుంచి వదిన వరలక్ష్మమ్మ మాత్రం పకపకా నవ్వింది.

చదవడం రానివాళ్లకు టీ అంగడి హుసేనయ్య చదివి పెట్టేవాడు. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. నాలుగు వాక్యాలుంటే మొదటి దాన్ని, చివరి దాన్ని కలిపి ఒకటి చేసి అరిచేవాడు. ఆ చదువు వింటే మల్లికార్జునానికి ఒళ్లు మండేది, కానీ సరిదిద్దేవాడు కాదు. అర్థం చేసుకునేవాడికి కార్డే చాలు, చేసుకోలేనివాడికి చెప్పినా దండగ అని అతని లెక్క.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది జనవరి చివర్లో ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరు నెల్లూరు బస్సు కోసం కోదండరామయ్య అంగట్లో కూర్చున్నాడు. కొండల వైపు మశూచి, అమ్మవారు సోకిందని అప్పటికే పుకారు. వరలక్ష్మమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ ఇన్‌స్పెక్టరు తన రిపోర్టు తీసి గర్వంగా చదివాడు. ఉదయగిరి దాటి, సీతారామపురం దాకా ఏ పల్లెలో ఎందరికి టీకా వేయించాడో అన్నీ అంకెలు. గుండ్లపాళెం దగ్గరికి రాగానే మల్లికార్జునం కుర్చీలో ముందుకు వంగాడు.

"గుండ్లపాళెంలో జనమెంత సార్?"

"మూడు వందల పన్నెండు."

"టీకాలెన్ని?"

"మూడు వందల ఇరవై నాలుగు," అన్నాడాయన, కాఫీ ఊదుకుంటూ.

"అంటే నూటికి నూటనాలుగు. పుట్టబోయేవాళ్లక్కూడా వేసినారా?"

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టి, బస్సు రాకముందే బయట ఎండలోకి పోయి నిలబడ్డాడు. మల్లికార్జునం ఆ పూట ఎంతో హాయిగా కార్డు రాశాడు: "సర్కారు లెక్క ప్రకారం గుండ్లపాళెంలో నూటికి నూటనాలుగు మందికి టీకా పడింది. కడుపులో ఉన్నవాళ్లనూ, కాటికి పోయినవాళ్లనూ కలుపుకున్నారు కాబోలు. ఇలాంటి లెక్క మిషన్‌కు పెడితే మిషనే సిగ్గుతో ఆగిపోతుంది. ఈ టీకా లెక్క శుద్ధ అబద్ధం."

హుసేనయ్య మర్నాడు సంత జనం ముందు కార్డు వైపు చూసి గొంతెత్తాడు. "గుండ్లపాళెం సంగతి రాసినాడు మన మిషన్ సెట్టి. టీకా శుద్ధ అబద్ధమంట!"

అరుగు మీద కూర్చున్న మల్లికార్జునం విన్నాడు. లెక్క అనే మాట జారిపోయిందని అప్పుడే తెలిసింది. లేచి పది అడుగులు వేసి "టీకా కాదురా, టీకా లెక్క" అంటే సరిపోయేది. లేవలేదు. ఈ గొర్రెలకు తేడా చెప్పి ఏం లాభమని కాలు మీద కాలు వేసుకున్నాడు.

కాసేపటికి కొయ్య గరిటెల మూటతో ఒక నడివయసు మనిషి అరుగు కిందికొచ్చి నిలబడ్డాడు. సంతలో గరిటెలు అమ్ముకోవడానికి వచ్చినవాడు. పేరు శీనయ్య, ఊరు గుండ్లపాళెమే.

"సామీ, ఆ అట్ట నేను తీసకపోవచ్చునా? మా ఊరి పేరుండాదంట గదా."

"తీసకపో. పొయ్యిలోకన్నా పనికొస్తాది," అన్నాడు మల్లికార్జునం.

శీనయ్య కార్డును పైపంచెలో చుట్టి, గరిటెల మధ్య నలగకుండా పెట్టుకున్నాడు.

తరవాత నెలకు పైగా మల్లికార్జునం పత్రికల మీద, పంచవర్ష ప్రణాళిక మీద, నెల్లూరు బస్సుల మీద కార్డులు రాశాడు. మార్చిలో ఒక ఉదయం రెబెకమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, టీకాలు వేసే ఉద్యోగం. తెల్లచీర మోకాళ్ల దాకా ఎర్రమట్టి పట్టి ఉంది. భుజానికి తోలుసంచీ. అరుగు ఎక్కకుండా కిందే నిలబడింది.

"గుండ్లపాళెం గురించి రాసింది మీరేనా అయ్యా?"

"నేనే. తప్పుంటే చూపించు."

"తప్పు లేదు. ఆ లెక్క దొంగలెక్కే. ఆ ఊళ్లో ఇన్‌స్పెక్టరు కాలే పెట్టలేదు." ఆమె గొంతు పెంచలేదు. "ఆయన రాసిన లెక్కని నిజం చేసేదానికి నేను ఊరూరా తిరగతా ఉండాను. మందు గొట్టాలు తడిగుడ్డలో చుట్టుకోని, ఎండెక్కకముందే నడిచి పోతా ఉండాను. ఫిబ్రవరి మొదట్లో గుండ్లపాళెం పోతే తలుపులేసినారు. మిషనుండే అయ్య టీకా అబద్ధమని రాసినాడంట. రెండుసార్లు పోయినాను. రెండుసార్లూ అదే మాట."

"నేను రాసింది లెక్క గురించమ్మా! చదవడం చేతకాని ముండాకొడుకులకు నేనేం..."

"ఐదుగురు పోయినారు."

మల్లికార్జునం కుర్చీలోంచి లేచాడు.

"చదవడం చేతగానోళ్లని మీకు ముందే తెలుసు గదా," అంది రెబెకమ్మ. "మరి వాళ్లు చూసే స్తంభానికి ఎందుకు తగిలించినారు? ఎవురికి రాసినారు అది?"

తప్పు ఒప్పుకోవడం మల్లికార్జునానికి రాలేదు. "పద, నేనే వచ్చి చెప్తాను. అర్థమయ్యేటట్టు చెప్తే గొడ్డుకైనా అర్థమవుతుంది," అని చొక్కా వేసుకున్నాడు. అన్న వద్దన్నాడు. వదిన మాత్రం ఏమీ అనకుండా అటుకులు మూటగట్టి చేతిలో పెట్టింది.

ఉదయగిరి దాకా బస్సు, అక్కడి నుంచి సగం దారి ఎద్దుబండి, మిగిలింది నడక. దారి పొడుగునా మల్లికార్జునం చెప్పబోయేది మనసులో పేర్చుకున్నాడు. ముందు జనాభా, తరవాత టీకాల సంఖ్య, తరవాత శాతం, చివర తేడా. పలక మీద వైర్లు గుచ్చినట్టు ఒకదాని తరవాత ఒకటి.

గుండ్లపాళెంలో మొదటి ఇల్లు శీనయ్యదే. వసారాలో చెక్కు తీసిన, గరిటెలకు వాడే నర్ది కట్టెలు, సగం చెక్కిన గరిటెలు పడి ఉన్నాయి. గోడకు, దేవుడి పటం పక్కన, ఆ కార్డు. వెదురుపుల్లలతో చట్రం కట్టి, నాలుగు మూలలా నూలుదారం కుట్టి, చిల్లులు కనిపించేలా పెట్టారు.

"ఎందుకట్లా పెట్టినావు?" అన్నాడు మల్లికార్జునం. ఇంకేం అడగాలో తోచలేదు.

"మిషన్ తప్పు చేయదని మీరే రాసినారంట గదా సామీ. హుసేనయ్య చదివినాడు. ఇది మిషన్‌లో నుంచి వచ్చిన అట్ట." శీనయ్య గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మా సుబ్బన్న, నా తమ్ముడు, వాడు టీకా వేయించుకుంటానన్నాడు. ఈమె వచ్చినప్పుడు చెయ్యి జాపినాడు కూడా. నేనే వద్దంటిని. పెద్దోళ్లు రాసినారురా, ఊరకే రాయరు అంటిని."

"సుబ్బన్న యాడ?"

శీనయ్య సగం చెక్కిన గరిటెల వైపు చూశాడు. "మొన్న సోమారం పోయినాడు. ఇరవై నాలుగేళ్లు."

వాకిట్లో జనం చేరారు. రెబెకమ్మ సంచీ దించి దూరంగా కూర్చుంది. మల్లికార్జునం దారిలో పేర్చుకున్నది మొదలుపెట్టాడు. మూడు వందల పన్నెండు, మూడు వందల ఇరవై నాలుగు, నూటికి నూటనాలుగు. జనం కళ్లార్పకుండా విన్నారు. ఒక్క ముఖంలోనూ ఏమీ కదల్లేదు. ఇన్నేళ్లుగా ఆ చూపును అతను తెలివితక్కువతనం అనుకున్నాడు. ఇప్పుడు దగ్గర నుంచి చూస్తే, వాళ్లు ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నారనీ, ఆ మాట తప్ప అన్నీ తాను చెప్తున్నాననీ తెలిసింది.

"అదంతా మాకొద్దు సామీ," అన్నాడు శీనయ్య. "టీకా నిజమా, అబద్ధమా?"

"నిజం."

"మరి మీరు రాసింది?"

"నేను రాసింది తప్పు," అన్నాడు మల్లికార్జునం. "హుసేనయ్య మార్చి చదివినాడు. చదవతా ఉంటే నేను విన్నాను. విని కూడా కూర్చున్నాను. తప్పు నాది."

ఒక ముసలాయన ఉమ్మేసి వెళ్లిపోయాడు. అతని వెంట ఇంకో నాలుగిళ్లవాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు ఆ రోజూ వేయించుకోలేదు, ఆ తరవాతా వేయించుకోలేదు. మల్లికార్జునం చొక్కా విప్పి రెబెకమ్మ ముందు కూర్చుని, "ముందు నాకు వెయ్యి," అన్నాడు. ఆమె చిన్న పళ్లచక్రమున్న టీకా సూది అతని చేతికి ఆనించి మెలితిప్పింది. అతను పళ్లు బిగబట్టాడు. ఆ తరవాత శీనయ్య వచ్చాడు. పొద్దుగూకేలోపు డెబ్బై ఆరుగురయ్యారు.

తిరుగుదారిలో మల్లికార్జునం ఒకటే అడిగాడు. "నా మాట పట్టుకుని ఇంకెన్ని పల్లెల్లో తలుపులేసినారు?"

"పదకొండు."

ఆ ఎండాకాలమంతా అతను రెబెకమ్మ వెనక నడిచాడు. ప్రతి పల్లెలో నిలబడి అదే చెప్పాడు. ఒక చోట రాళ్లు వేశారు. ఒక చోట నవ్వారు. నవ్వినచోట అతనికి ఎక్కువ నొప్పి. నడవడమంటే అతనికి అసహ్యం, రాగిసంకటి అంటే అసహ్యం, తాటాకుల కింద నేల మీద కూర్చోవడమంటే అసహ్యం. ఇవన్నీ రెబెకమ్మకు చెప్తూనే నడిచేవాడు. ఆమె వినేది కాదు, ముందు పోయేది. మే నెలలో ఆ ఇన్‌స్పెక్టరుకు ప్రమోషన్ వచ్చిందని కోదండరామయ్య కబురు పంపాడు. నూటికి నూటనాలుగు పల్లె జిల్లాలోనే మొదటిదని పైవాళ్లు మెచ్చుకున్నారట. ఆ కబురు విన్న రోజు మల్లికార్జునం ఆమె కంటే ముందు నడిచాడు. రెబెకమ్మే, "ఏంది అయ్యా, తిట్టరా?" అంది.

"తిట్టేదానికి నోరు చాలదు. పద."

ఆఖరి పల్లెలో తిరుపాలమ్మ అనే ముసలామె వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని ఉంది. అతన్ని పైనించి కిందిదాకా చూసింది.

"నువ్వేనా, తప్పు రాసి జనాన్ని చంపిన సెట్టివి?"

"నేనే అవ్వా."

"సిగ్గు లేదా?"

"ఉండాది."

"ఉంటే సరే. చదువుకున్నోళ్ల సిగ్గు మూన్నాళ్లు. ఆపైన మళ్లీ ఏందో ఒకటి రాస్తారు." ఆమె చేట పక్కన పెట్టి, ఎండిన కట్టెపుల్లలాంటి చెయ్యి చాపింది. "రా, ఈ చెయ్యి పట్టుకో. కదిలితే ఇంకోసారి పొడస్తాదంట ఈమె."

మల్లికార్జునం నేల మీద కూర్చుని రెండు చేతులతో పట్టుకున్నాడు. రెబెకమ్మ సూది కడుగుతోంది.

"ఏందిరా అంత బిగిస్తావు?" అని కసిరింది తిరుపాలమ్మ. "బర్రె కాలనుకున్నావా?"

అతను పట్టు కొంచెం వదులు చేశాడు.