ఊరికే మజ్జిగ, ఇరవైకి నీళ్ళు

నా అంగడి ముందర మా నాయన పందిరి గుంజలు పాతతా ఉంటే మొదట నాకు సంతోషమే అయింది. ఎండకు నీడేస్తా ఉండాడు, బిడ్డంటే ఎంత ప్రేమో అనుకున్నా. అరగంటకు ఆటోలో నుంచి మజ్జిగ కడవలు దిగినాయి. అప్పుడు తెలిసింది నా బతుకు. నెత్తిన చెయ్యి పెట్టుకుని గడప మీదనే కూలబడితే మా అమ్మ చంద్రకాంతమ్మ వచ్చి, "వ్యాపారం చేసే తావ గడప మీద కూర్చోకూడదు మే" అనింది. నా వ్యాపారం మీద ఎంత అక్కరో ఆయమ్మకు.

మాది వడమాలపేట. పుత్తూరు నుంచి తిరపతికి పొయ్యే రోడ్డు మా వాకిట్లోనే పోతాది. అరవోళ్ళ పెరటాసి నెల వచ్చిందంటే తమిళనాడు నుంచి కొండకు నడిచిపొయ్యే జనం పసుపు గుడ్డలు కట్టుకుని, గోవిందా అనుకుంటా, పొద్దు పుట్టింది మొదలు ఆ రోడ్డు నిండా వాళ్ళే. చెప్పుల్లేని కాళ్ళు, ఎండిపోయిన గొంతులు. అట్లాంటి రోడ్డు పక్కన అంగడి పెట్టి నన్నారి సర్బత్తు, నిమ్మకాయ సోడా అమ్మితే నష్టపొయ్యేవాళ్ళు ఎవురన్నా ఉంటారా? ఉంటారు. వాళ్ళ నాయన పేరు దొరస్వామి అయితే ఉంటారు.

నా పేరు ప్రశాంతి. పెట్టినోళ్ళను అడగాల, ఏం చూసి పెట్టినారో. నాయుడుపేట కాడ ఒక కంపెనీలో ప్యాకింగు లైన్లో ఏండ్లకేండ్లు నిలబడినా. వాళ్ళు ఆ లైను మూసేస్తే ఇంటికొచ్చి పడినా. మా ఆయన మునికుమార్ కొండ బస్సు డ్రైవరు, పెరటాసిలో ఆయన మొగం కనపడేదే గగనం. ఇంకొకరి లైన్లో మళ్ళా నిలబడకూడదు, నిలబడితే నాది అనుకునే తావ నిలబడాల అని మనసులో గట్టిగా అనుకున్నా. తిరపతిలో స్వయం ఉపాధి ట్రైనింగు ఉండాదంటే పోయి చేరినా. ఆడ యోగానంద సారు బోర్డు మీద రాసి రాసి చెప్పినాడు. జనానికి ఏం కావాల్నో చూడు, పోటీకి ఎవరుండారో చూడు, ఖర్చెంతో చూసుకుని దాని మీద నీ ధర నువ్వు చెప్పు అన్నాడు. "సొంత వ్యాపారమంటే నీ ధర నీ నోటితో చెప్పే ధైర్యమమ్మా" అన్నాడు. ఆ మాట నాకు బాగా పట్టుకునింది. పోటీ ఎవరో రాయమంటే బస్టాండు కాడ టీ అంగడి రాసినా, చెరుకురసం బండి రాసినా. మా నాయన పేరు రాయాలని ఎవురికి తోస్తాది?

రోడ్డు పక్కన రూము నాయనది. సిమెంటు మూటలు పెట్టుకునేదానికి బాడిగకియ్యమని ఏకాంబరం ఎన్నాళ్ళుగానో ఎనకబడి ఉండాడు. నాకియ్యమని నేనడిగితే నాయన చానాసేపు గడ్డం గోక్కున్నాడు. "పెరటాసి అయిందాకా చూస్తా పాపా. అంగడి నిలబడితే రూము నీది. నిలబడకుంటే ఏకాంబరానికి ఇచ్చేస్తా, మళ్ళా ఏడవకూడదు" అన్నాడు. సరే అన్నా. పెరటాసిలో గూడా నిలబడని అంగడి ఇంకెప్పుడు నిలబడతాది అని నాకు అంత ధీమా.

ఇప్పుడు ఆ పందిరి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాయనా, దీన్ని ఇంకో తావ వేసుకోకూడదా?"

"యాడ వేసేది? మీ తాత కాలం నుంచి పెరటాసికి మజ్జిగ పోసేది ఈడనే. కొళాయి ఈడనే ఉండాది."

"నా అంగడి గూడా ఈడనే ఉండాది."

"ఉండనీ. నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటా. నేనేమన్నా నీకు అడ్డమొచ్చినానా?"

అడ్డం రాలేదంట. పెరటాసిలో శనివారాలకే జనం ఎక్కువ. మొదటి శనివారం ఒకాయన తుండుతో మొగం తుడుచుకుంటా నా కాడికొచ్చి సర్బత్తు ఎంతని అడిగినాడు. నేను నోరు తెరిచే లోపల నాయన పందిట్లో నుంచి కేకేసినాడు, "సామీ, ఈడ మజ్జిగ ఊరికే పోస్తా ఉండాము, దుడ్లెందుకు దండగ, ఇట్ల రా" అని. ఆయనకు తెలుగు అర్థమయిందో లేదో అని మళ్ళా అరవంలో గూడా చెప్పినాడు. ఆ సామి పాపం నన్నొకసారి చూసి, తల వంచుకుని పందిట్లోకి పోయినాడు. పైగా మజ్జిగ చల్లంగా లేదని మా అమ్మ వచ్చి నా ఐసు తీసుకోనిపోయింది. తరువాత నిమ్మకాయలు. ఆ తరువాత గ్లాసులు. మజ్జిగలో పిండిన నిమ్మకాయలు నావి, ఏసిన ఐసు నాది, పుణ్యం మాత్రం వాళ్ళిద్దరిది. సాయంత్రానికి నా అంగట్లో సర్బత్తు తాగింది నేనొక్కదాన్నే, అదీ కడుపుమంట తగ్గేదానికి.

రెండో శనివారమూ అదే కథ. తట్టుకోలేక యోగానంద సారుకు ఫోను చేసినా. సంగతంతా విని, "ధర కొంచెం తగ్గించి చూడమ్మా" అన్నాడు.

"ఊరికే ఇచ్చేవాని కంటే తగ్గించాలంటే తాగినోళ్ళకు నేనే ఎదురు దుడ్లియ్యాల సార్."

సారు, "అయితే వాళ్ళందరూ ఇచ్చేదే నువ్వెందుకు అమ్మతా ఉండావు? ఎవురూ ఇయ్యనిది ఏముందో చూడు" అన్నాడు. బోర్డు ముందర కూర్చోబెట్టి ఇదేదో ముందే చెప్పుంటే ఏం పోయిందో.

ఇంకేం చేస్తా, చూస్తా కూర్చున్నా. నిజంగానే ఆ రోడ్డు పొడుగునా తిండికీ తాగేదానికీ కరువు లేదు. ఒకరు పొంగలి పెడతా ఉండారు, ఒకరు చిత్రాన్నం, ఒకరు బిస్కెట్లు. వద్దన్నా చేతిలో పెడతా ఉండారు. నడిచొచ్చే ఆడోళ్ళ మొగాలు మాత్రం వేరేగా ఉన్నాయి. పందిట్లో కూర్చోరు, ఇట్లా అట్లా చూస్తారు, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటారు, రోడ్డు దిగి కంపచెట్ల ఎనకకు పోతారు. ఒకామె కూతుర్ని ఎంటబెట్టుకుని నా కాడికొచ్చి మజ్జిగా వద్దు, సర్బత్తూ వద్దు అని చెయ్యి ఊపి, మెల్లగా, "బాత్రూం ఉందామ్మా?" అని అరవంలో అడిగింది. ఆ బిడ్డ నిలబడలేక నిలబడి ఉండాది.

రూము ఎనక బాత్రూము ఉండనే ఉండాది. మోటరుంది, పైన ట్యాంకు ఉంది. తాళం తీసి ఇచ్చినా. తల్లీబిడ్డా కాళ్ళు కడుక్కుని, నీళ్ళు పోసుకుని బయటికొచ్చినప్పుడు చూడాల వాళ్ళ మొగాలు. నేనడక్కనే దుడ్లియ్యబోయింది ఆమె. నేను కొయ్యమాను మాదిరి నిలబడి చూస్తా ఉండిపోయినా. నిమ్మకాయలకు పెట్టిన బుర్ర దీనికెందుకు పెట్టలేదో అని నన్ను నేనే తిట్టుకున్నా.

మూడో శనివారానికి బాత్రూము సున్నం కొట్టించి, ఎనక పొయ్యి మీద అండా పెట్టి వేన్నీళ్ళు కాచి, సబ్బు, కాళ్ళకు నూనె పెట్టి, ఆడోళ్ళకు మాత్రమే, ఇరవై రూపాయలు అని తెలుగులో, అరవంలో బోర్డు రాయించినా. మధ్యాన్నానికి ఆడోళ్ళు రోడ్డు దాకా నిలబడినారు. ఒకరు బయటికొస్తానే నేను పోయి కడిగి, ఫినాయిలు పోసి, ఇంకొకరిని పంపిస్తా ఉన్నా. నీళ్ళు పోసుకుని తేటపడినోళ్ళు నీడలో కూర్చుని సర్బత్తు గూడా అడిగినారు. పొద్దున్నుంచి దారి పొడుగునా మజ్జిగే తాగినారు కదా, వేరే రుచి కావాల వాళ్ళకు. నా నడుము పడిపోయింది, అయినా అంత సంతోషం నాకు నాయుడుపేటలో ఒక్కరోజు గూడా లేదు.

నాయన పందిట్లో నుంచి చూస్తానే ఉండాడు. సాయంత్రం వచ్చి బోర్డు ముందర నిలబడినాడు.

"ఏమ్మే, కొండకు పొయ్యే ఆడోళ్ళు కాళ్ళు కడుక్కునేదానికి దుడ్లా?"

"నీళ్ళు కాచేదానికి కట్టెలు ఎవురిస్తారు నాయనా? కడిగేదెవురు?"

"నలుగురూ ఏమనుకుంటారు? దొరస్వామి కూతురు దొడ్డికి పొయ్యేదానికి ధర కట్టిందంటారు." అంతే, ఇంకో మాట లేదు. ఆదివారం పొద్దున నేను కట్టెలకు పోయొచ్చేలోపల ఆ బోర్డు మీద ఇరవై రూపాయలు అనేదాన్ని సున్నంతో పూసేసి, ఊరికే అని రాసిపెట్టి ఉండాడు. చూస్తానే నాకు ఏడుపొచ్చేసింది. గొంతెత్తి అరిస్తే రోడ్డు మీద జనం చూస్తారని పళ్ళు బిగబట్టుకున్నా.

"అయితే కడిగేది నువ్వే" అని చెప్పి ఇంటికొచ్చి తలుపేసుకున్నా.

మధ్యాన్నం మనసొప్పక పోయి చూస్తే ట్యాంకు ఖాళీ. సబ్బు లేదు, నూనె సీసా లేదు. మొగోళ్ళు గూడా దూరినట్టుంది, బాత్రూము కాడికి పోలేము. ఆడోళ్ళు ముక్కు మూసుకుని మళ్ళా కంపచెట్ల ఎనకకే పోతా ఉండారు. మా నాయన పంచె ఎగ్గట్టి, చీపురు పట్టుకుని, కొళాయి నుంచి బక్కెట్టు మోసుకోనొచ్చి కడగతా ఉండాడు. నన్ను చూసి గూడా ఆపలా. అరవై దాటిన మనిషి, వంగలేక వంగి కడగతా ఉంటే నా కోపం యాడికి పోవాల్నో తెలియకుండా పోయింది. నేనూ ఇంకో చీపురు తీసుకున్నా. ఇద్దరమూ కడిగినాము.

కడిగిన తరువాత తిన్నె మీద కూర్చున్నాము. "నాయనా, ధర అంటే నీకెందుకు ఇంత చేదు?" అని అడిగినా. నిజంగా తెలుసుకోవాలనే అడిగినా.

చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "నాకేం తెలుసు పాపా ధర చెప్పేది. మామిడిచెట్టు నాది, నీళ్ళు మోసింది నేను, కాయ నాది. ట్రాక్టరుకు ఏసుకుని జ్యూస్ ఫ్యాక్టరీ గేటు కాడికి పోతే ధర వాళ్ళు చెప్తారు. రేయింబగళ్ళు లైన్లో పెట్టి, కాయ మెత్తబడిందాకా పెట్టి, అప్పుడు చెప్తారు. నచ్చకుంటే తిప్పుకోనిపో అంటారు. యాడికి తిప్పుకోనిపోతాను కుళ్ళిపొయ్యే కాయను? ఇన్నేండ్ల సేద్యంలో నాకింత ఇయ్యి అని నా నోటితో ఒక్కరిని అడగలా. అడిగే తావ లేదు నాకు. ఊరికే ఇచ్చేటప్పుడు మాత్రం నాదనిపిస్తాది. ఆ పొద్దు నేనిచ్చినాను అనిపిస్తాది."

నేనేమో నేనొక్కదాన్నే లైన్లో నిలబడి విసిగిపోయినాననుకుంటా ఉన్నా. ఆయన పక్కనే కూర్చుని, బోర్డు మీద సున్నం గోకేదానికి ఒక చెక్కముక్క తెచ్చుకున్నా. ఆయన వద్దనలా, సరే అనీ అనలా. లేచి మజ్జిగ పోసేదానికి పోయినాడు.

ఆఖరి శనివారం జనం కట్ట తెగినట్టు వచ్చినారు. పొద్దున్నే కరెంటు పోయింది, మోటరు ఆడలా. ట్యాంకరు వానిని పిలుచుకోనొచ్చేదానికి నేను పోవాల్సొచ్చింది. నాయనను స్టూలు మీద కూర్చోబెట్టి, "ఎవురన్నా వస్తే కొంచెం ఆగమను, చాలు, ఇంకేం చెయ్యొద్దు" అని చెప్పి పోయినా. మళ్ళా ఏం దానం చేసేస్తాడో అని దారి పొడుగునా దిగులే.

ట్యాంకరును పిలుచుకోనొచ్చేసరికి ఏకాంబరం ఆడ నిలబడి ఉండాడు, బాడిగ సంగతి తేల్చుకునేదానికి. స్టూలు ముందర ఒకామె, కాళ్ళు బొబ్బలెక్కి, ఇంకో ఆమె భుజం పట్టుకుని నిలబడి అడగతా ఉండాది, ఎంతయ్యా అని. నాయన నాకోసం ఆ పక్కా ఈ పక్కా చూసినాడు. నేను ట్యాంకరు ఎనక ఉండా, కనపళ్ళా. ఆయన తల కిందికి వేసుకుని, నేలకు చెప్పినట్టు, "ఇరవై" అన్నాడు. ఆమెకు వినపళ్ళా. మళ్ళా అడిగింది. నాయన తలెత్తి, గొంతు సవరించుకుని, "ఇరవైమ్మా. అండాలో వేన్నీళ్ళు ఉండాయి. సబ్బు, నూనె అన్నీ ఉండాయి" అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి ఇచ్చి లోపలికి పోయింది.

నాయన ఆ నోటును చేతిలో పట్టుకుని అట్లనే చూస్తా ఉండాడు.

"మామా, రూము సంగతి ఏమయింది?" అన్నాడు ఏకాంబరం.

"కనపళ్ళేదా అబ్బా, వ్యాపారం జరగతా ఉండాది. పక్కకు జరుగు, ఆడోళ్ళు వస్తా ఉండారు."

ఏకాంబరం నన్నొకసారి చూసి బండెక్కి పోయినాడు. నేను పైపు ట్యాంకుకు పెట్టించి వచ్చేసరికి నాయన తరువాతి ఆమెకు ముప్పై చెప్తా ఉండాడు. ఈయనతో వేగేది ఎట్లా అని పరిగెత్తి పోయి, "ఇరవై మా, ఇరవై, పెద్దాయన మరిచిపోయినాడు" అని సర్దుకున్నా. చెవి కాడికి వంగి, "బోర్డు మీద ఇరవై అని రాసుంటే ముప్పై చెప్తావా నాయనా, పరువు పోతాది" అని కసిరినా.

ఆయన నా మాటే వినలా. మొదటామె ఇచ్చిన నోటును మడిచి నా చేతిలో పెట్టినాడు.

"ఏమీ అనలేదు పాపా ఆయమ్మ. అడగతానే ఇచ్చేసింది." కొంచెంసేపు రోడ్డు పక్కకు చూసినాడు. "ఆ గేటు కాడ గూడా నేనొక్కసారి అడిగుంటే ఇచ్చుండేవాళ్ళేమో."

ఇచ్చుండరు. లోడు తిప్పుకోనిపో అనుండేవాళ్ళు. నాకు తెలుసు, ఆయనకు నాకంటే బాగా తెలుసు. స్టూలు మీద నుంచి లెయ్యమని చెప్పబోయినదాన్ని, చెప్పలేకపోయినా. అండా కింద కట్టెలు ఎగదోసేదానికి నేనే ఎనకకు పోయినా.