నీలం పట్టిన ముక్క

ఆ ఆసుపత్రి లాబ్‌లో ఒక అలవాటుంది. కాలేయం ముక్కకి రంగు పట్టాక, మైక్రోస్కోపులో చూసి ఆ మనిషి వయసెంతో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్ళు అందరికీ కాఫీ పెట్టాలి. పుల్లకి ఆ పని ఏనాడో గానీ పడలేదు. ముక్కల్ని కాగితం కన్నా పలచగా కోసే ఉద్యోగం ఆమెది. మనిషీ అంతే సన్నం. ఆ పేరు చిన్నప్పుడు తమ్ముడు పెట్టాడు. ఊరుకోలేక ఆమె వాణ్ణి బొండాం అంది.

ఇప్పుడు బొండాం పక్క భవనంలో మంచం మీద ఉన్నాడు. ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకుని వాడి కాలేయం గట్టిపడిపోయింది. ఎవరైనా తమది కొంత కోసి ఇస్తేనే బతుకు. రక్తం పంచుకున్నవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. “నేనిస్తా” అంది వెంటనే. పరీక్ష కోసం ఆమె కడుపులోకీ సూది దించి చిన్న ముక్క తీశారు. ఎవరి ముక్క వాళ్ళు చూసుకోకూడదని అక్కడ నియమం. అందుకని దాన్ని తోటి ఉద్యోగి కోశాడు.

భోజనం చేసి వచ్చేసరికి మైక్రోస్కోపు కింద ఏదో స్లైడు ఉంది. అలవాటుగా కళ్ళు ఆనించింది. కణాల నిండా కొవ్వు బుడగలు. వాటి చుట్టూ నీలం. ఆ రంగు పట్టేది ముసలి కణాలకే. అవి ఇక విడిపోయి కొత్తవాటిని పుట్టించవు, అలాగని చావవు. ఉన్నచోటే కూర్చుని విషం కక్కుతూ పక్కవాటికీ ముసలితనం అంటిస్తాయి.

“పాపం, ఎవరో పెద్దాయన. అరవై అయిదు” అంది. “బాగా తిని కదలని ఒళ్ళు. మా బొండాంకి అన్నయ్య!”

పక్కనే ఉన్న ఆ తోటి ఉద్యోగి గ్లవ్స్ విప్పి, మళ్ళీ తొడుక్కున్నాడు.

“ఏంట్రా, కాఫీ పెట్టాలంటే ఏడుపొస్తోందా?”

“లేదక్కా. డాక్టరుగారికి చూపిద్దామని పెట్టా. నువ్వు చూడకూడదది.”

“ఏం?”

“నీదే.”

ఆమెకి నలభై మూడు. “నంబరు సరిగ్గా చూశావా?” అంది. చూశానన్నట్టు తలూపాడు.

డాక్టరు మెల్లగానే చెప్పాడు. “సన్నగా ఉన్నవాళ్ళకీ లోపల కొవ్వు చేరుతుందమ్మా. జాగ్రత్తపడితే నీకు తగ్గొచ్చు. ఇవ్వడానికి మాత్రం పనికిరాదు.”

వార్డుకి నడుస్తూ ఆమె తన దుఃఖాన్ని తడిమి చూసుకుంది. అందులో తమ్ముడు ఎంత ఉన్నాడో తేలలేదు. వాడి ఒంట్లో తన ముక్క పెరిగితే, వాడి కంచం వంక చూస్తూ ఇన్నేళ్ళూ తనన్న మాటలన్నీ నెగ్గేవి. ఆ ఆశ ఒకటి అడుగున నక్కి ఉందని ఇప్పుడే కనబడింది. దానికీ అడుగున ఇంకొకటి ఉంది. కత్తి తప్పిందన్న చిన్న హాయి.

“రా పుల్లా” అన్నాడు వాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. “ఎప్పుడు పెడతారు నీ ముక్క? అది లోపలికొస్తే నాకూ ఎదుటివాళ్ళ ముద్దలు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంటుందేమోనని బెంగగా ఉంది.”

“పెట్టరు.”

“ఏం? భయం వేసిందా?”

అవునంటే సరిపోయేది. పిరికిదాన్ననడం ఎంత తేలికగా నాలుక చివరికి వచ్చిందో చూసి ఆమె నివ్వెరపోయింది. నీలాంటిదాన్నే అనడం కన్నా అదే గౌరవంగా ఉంది. వాడు జవాబు కోసం చూస్తున్నాడు, తప్పు పట్టే మొహంతో కాదు. భయం వేసినా క్షమించేసే మొహంతో.

“నాదీ కొవ్వు పట్టిన కాలేయమేరా. నీలాగే” అంది.

వాడు నవ్వుతాడనుకుంది. కోపం వచ్చినా బాగుండేది.

“అయితే నీకెవరిస్తారక్కా?”

“నాకప్పుడే అక్కర్లేదు. నీ సంగతి...”

“ఇలా వెలుతురులోకి రా.”

ఆమె వంగింది. రోజూ పొద్దున్నే వాడికి తను చేసినట్టే, వాడు బొటనవేలితో ఆమె కంటి కింది రెప్పని లాగి, పచ్చదనం ఉందేమోనని వెతికాడు. వేలు వణుకుతోంది. అది జబ్బు వణుకేనని తనకు తాను చెప్పుకుంటూ, కన్ను మూయకుండా ఆమె అలాగే నిలబడింది.