పూజలో పెట్టిన కత్తి

నేను ఒక కత్తిని. చేత్తో పట్టుకుందామని రాకండి, దొరకను. టీవీ అద్దానికి అవతల, కొండలూ కోటలూ రాక్షసులూ ఉన్న ఒక ఆటలో నా కాపురం. నన్ను ఏ కమ్మరీ కొలిమిలో కాల్చలేదు. ఒకమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని గీసింది. అంచు నున్నగా ఉంటే ఎవరినీ నరికినట్టుండదని మొన దగ్గర చిన్న గంటు కూడా పెట్టింది. అంటే, ఒక్క దెబ్బయినా వెయ్యకముందే నాకు నెత్తుటి చరిత్ర అంటగట్టారన్నమాట.

నా మొదటి యజమాని బురదనేలల చివర గుహలో ఉండే ఒంటికన్ను రాక్షసుడు. లోపలికి వచ్చినవాణ్ణి వచ్చినట్టే నడుముకు రెండుగా నరికేవాడు. పిడికి పేగులు చుట్టుకుంటే గోడకేసి తుడిచేవాడు. అలా ఎందర్ని నరికానో నాకే గుర్తులేదు. చివరికి రుద్రసేనుడనే వీరుడు వచ్చి, మండే కాగడా వాడి కంట్లో గుచ్చాడు. వాడు గావుకేక పెట్టి నన్ను వదిలేశాడు. రుద్రసేనుడు నన్నందుకుని వాడి మెడమీదే వేశాడు. తలకాయ దొర్లుకుంటూ పోయి బురదలో పడింది.

ఆ రుద్రసేనుణ్ణి నడిపించేది అద్దానికి ఇవతల కూర్చున్న నాంచారయ్య. బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగు చేస్తాడు. ఇంట్లో బొద్దింక కనబడితే మంచమెక్కి పెళ్ళాన్ని పిలిచే మనిషి! ఆ మనిషే సాయంత్రం షెడ్డునుంచి రాగానే దొంగల పీకలు కోసేవాడు. పగలు ఏ లారీ యజమాని ఎంత తిట్టాడో నాకు దెబ్బను బట్టి తెలిసిపోయేది.

నరకడానికే వస్తాడనుకున్నాను మొదట్లో. కాదు. దారికడ్డం వచ్చినవాణ్ణి నరికాక ఊరికే నడిచేవాడు. పొద్దున్నుంచీ లారీ కింద వెల్లకిలా పడుకుని మసిపట్టిన ఇనుము చూసే మనిషికి, దూరంగా ఒక కొండ కనబడటం, పోదాం అనుకుంటే పోగలగడం, ఎటు పోతున్నావురా అని అడిగేవాడు లేకపోవడం ఎంత సుఖమో ఆయన ముఖంలో చూశాను. ఉత్తరాన ఒక మంచుకొండ ఉంది. దాన్ని చివరికి దాచుకున్నాడు. "అదొక్కటీ ఎక్కి ఆపేస్తానే" అని భార్య తిరుపతమ్మతో రోజూ అనేవాడు. కాకపోతే ఆట మొదలుపెట్టేటప్పుడే కఠినమైన పద్ధతి ఎంచుకున్నాడు. అందులో వీరుడు చస్తే చచ్చినట్టే, మళ్ళీ లేవడు. కొండ ఎక్కేదాకా రుద్రసేనుణ్ణి బతికించుకోవాలి, అదే ఆయన బెంగ.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు షెడ్డులో స్పానర్లకూ జాకీలకూ బొట్లు పెట్టి, లారీల ముందు గుమ్మడికాయలు పగలగొట్టి ఇంటికొచ్చాడు. తిరుపతమ్మ పీటమీద కత్తిపీటా కత్తెరా పెట్టి, ఆట ఆడే రిమోటు కూడా తెచ్చి పెట్టింది.

"నీ పనిముట్టు ఇదేగా" అంది నవ్వుతూ. "మరి నీ కత్తో?"

ఆమె వేళాకోళానికే అంది. ఆయన నిజమనుకున్నాడు. ఆటలో ఏటి ఒడ్డు పల్లెలో కమ్మరి కొలిమి ముందు నన్ను నేలమీద పడుకోబెట్టించి, రుద్రసేనుణ్ణి ఒట్టి చేతులతో పక్కన నిలబెట్టాడు. తిరుపతమ్మ అద్దంమీద సరిగ్గా నా పిడి ఉన్నచోట కుంకుమబొట్టు పెట్టింది. ఆట ఆపితే తెర నల్లబడుతుంది, కత్తి కనబడదు. కనబడని కత్తికి పూజేమిటి? అందుకని ఆపలేదు. రిమోటు పీటమీద పెట్టి ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

దొంగలు ఏరు దాటి వచ్చారు. కాలిన ముఖంవాడొకడు నన్ను చూసి ఎత్తుకున్నాడు. ముందు కమ్మరి పొట్టలో దించాడు. పారిపోతున్న అతని భార్యను వీపుమీద నరికాడు. రుద్రసేనుడు మాత్రం దేవుడి ముందున్నట్టు కదలకుండా నిలబడ్డాడు. నన్ను అతని డొక్కలో గుచ్చాడు. తిప్పాడు. టీవీలో కేక వినబడి నాంచారయ్య కళ్ళు తెరిచాడు.

"నా కత్తే! వాడి చేతిలో ఉందే!" అని రిమోటుమీదకు ఉరికాడు.

తిరుపతమ్మ చెయ్యి పట్టేసింది. "హారతి అవకుండా పీటమీది వస్తువు తియ్యకూడదయ్యా!"

"చస్తన్నాడే వాడు!"

"ఒక్క నిమిషమాగు, కళ్ళకద్దుకుని తీద్దువుగాని."

ఆమె గబగబా హారతి తిప్పింది. ఆయన కళ్ళకద్దుకునేలోపు రుద్రసేనుడి మెడలోంచి నేను అవతలికి వచ్చేశాను. అంత నరికినదాన్ని, ఆ ఒక్క మెడ దగ్గర విరిగిపోతే బాగుండుననిపించింది. నన్ను భుజాన వేసుకుని ఊరికే నడిచిన మనిషి అతనొక్కడే.

నాంచారయ్య పీట ముందే కూర్చుని ఏడ్చాడు. మళ్ళీ రిమోటు ముట్టలేదు. సాయంత్రాలు అరుగుమీద కూర్చుని పోయే లారీలను చూస్తూ ఉండేవాడు. తిరుపతమ్మ అది భరించలేకపోయింది. ఒకనాడు తనే ఆట పెట్టింది. లోకం పాతదే. పోయినవాడి సామాను ఎవడు కొట్టేస్తే వాడి దగ్గరే ఉంటుంది. వీరురాలు మాత్రం కొత్తది, చేతిలో ఒక కట్టెల గొడ్డలి. పేరు కూడా తిరుపతమ్మే.

వానలన్నీ పోయి చలికాలం వచ్చేసరికి దొంగల గుడారాలకు చేరింది. కాపలావాడి పుర్రె చీల్చింది. కాలిన ముఖంవాడు నాతో ఆమె భుజంమీద నరికితే, ఆ రక్తంతోనే మీద పడి, గొడ్డలితో వాడి మోకాలు విరిచింది. కిందపడ్డాక చేపను తోమినట్టు తీరిగ్గా పని కానిచ్చింది. ఇంట్లో అసలు తిరుపతమ్మ పళ్ళు బిగించి, "మా ఆయన్ని పొడుస్తావురా" అంటోంది.

నాంచారయ్య అరుగుమీంచి లేచొచ్చాడు. ఆమె నన్నెత్తుకోవడం చూశాడు. మెల్లగా చెయ్యి చాపాడు. "ఇటియ్యి. కొండెక్కుతా."

"కత్తి కింద పెట్టేవాడికి ఇయ్యను" అంది. అని, తనే రిమోటు ఆయన ఒళ్ళో పెట్టి పక్కన కూర్చుంది.

ఇప్పుడు నేను ఆ వీరురాలి వీపుమీదున్నాను. గంటులో ఎండిన రక్తం, కింద మంచు. ఎక్కుతున్నాం. అద్దంమీద ఆ కుంకుమబొట్టు ఇంకా అలాగే ఉంది, ఎవరూ తుడవలేదు. శిఖరం చేరగానే అవతల సముద్రమూ, సముద్రానికావల నీలంగా మరో కొండా కనబడ్డాయి.

"ఇది ఎక్కి ఆపేస్తానన్నావుగా?" అంది తిరుపతమ్మ.

నాంచారయ్య అప్పటికే పడవ ఎక్కడ దొరుకుతుందోనని చూస్తున్నాడు.